గురుదత్: ఎవరూ పేరు పెట్టని జబ్బు

ఏటా అక్టోబరు 10ని ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవంగా పాటిస్తున్నారు. 1992లో మొదలైన ఆనవాయితీ ఇది. హిందీ చలనచిత్ర దర్శకుడు, నటుడు, నిర్మాత గురుదత్ కన్నుమూసింది కూడా 1964లో అదే తేదీన. ఈ రెండింటి కలయిక యాదృచ్ఛికమే అయినా, ఆ రోజున ఆయన జీవితాన్ని మరొకసారి చదవడానికి తగిన కారణం ఉంది. ఆరు దశాబ్దాలుగా ఆయన కథను మనం ఒకే తీరుగా చెప్పుకుంటున్నాం. గొప్ప చిత్రం తీశారు, జనం తిరస్కరించారు, సంసారం చెదిరింది, ప్రేమ దక్కలేదు, ఆ దిగులుతో వెళ్లిపోయారు. చెప్పడానికి సులువుగా, వినడానికి విషాదాంత నాటకంలా ఉండే కథ ఇది. కాని ఆయన జీవితంలోని తేదీలను వరుసగా పేర్చి చూస్తే ఈ కథ నిలవదు.

గురుదత్ 1925 జులై 9న బెంగళూరులో జన్మించారు. కొంకణి మాతృభాషగా గల చిత్రాపుర సారస్వత కుటుంబం వారిది. మొదట పెట్టిన పేరు వసంతకుమార్ శివశంకర్ పదుకోణె. చిన్నతనంలో జరిగిన ఒక ప్రమాదం తరువాత ఆ పేరు అచ్చిరాలేదని పెద్దలు భావించి గురుదత్తగా మార్చారు. తండ్రి శివశంకరరావు కొంతకాలం బడిలో ప్రధానోపాధ్యాయుడిగా, ఆ తరువాత బ్యాంకు ఉద్యోగిగా పనిచేశారు. తల్లి వాసంతి చదువంటే ప్రాణం పెట్టే మనిషి. పిల్లలకు ప్రైవేటు పాఠాలు చెబుతూ, కథలు రాస్తూ, బెంగాలీ నుంచి కన్నడంలోకి అనువాదాలు చేస్తూ ఇంటిని నెట్టుకొచ్చారు. కొడుకు పోయిన తరువాత అతడి జీవితచరిత్రను ఆమే స్వయంగా రాశారు. ఒక తల్లి రాయవలసి వచ్చిన పుస్తకాలలో అంతకన్నా కష్టమైనది మరొకటి ఉండదు.

గురుదత్ బాల్యంలోనే కుటుంబం కలకత్తాకు మారి భవానీపూర్‌లో కాపురం పెట్టింది. బెంగాలీ ఆయనకు ఇంటి భాషంత సహజంగా అబ్బింది. పేరు చివర దత్ ఉండటంతో బొంబాయిలో చాలామంది ఆయనను బెంగాలీయుడనే అనుకునేవారు. చదువులో చురుకైన పిల్లవాడే అయినా డబ్బు లేక కాలేజీ గడప తొక్కలేదు. సినిమా పోస్టర్లు చిత్రించే బంధువు బి.బి.బెనగళ్ ప్రోత్సాహంతో అల్మోడాలో ఉదయశంకర్ నడిపిన నృత్య కేంద్రంలో చేరారు. శరీరాన్ని, వెలుగును, నిశ్శబ్దాన్ని కలిపి చూసే దృష్టి అక్కడ ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆ కేంద్రం మూతపడింది. కలకత్తాలో లీవర్ బ్రదర్స్ కర్మాగారంలో కొన్నాళ్లు టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసి, అది సరిపడక 1944లో పుణెలోని ప్రభాత్ సంస్థకు వెళ్లారు.

ప్రభాత్‌లో ఆయనకు దొరికిన పెద్ద ఆస్తి స్నేహాలు. చాకలి వద్ద చొక్కాలు తారుమారు కావడంతో దేవానంద్‌తో పరిచయమైందని చెబుతారు. తాను నిర్మాత అయితే గురుదత్ దర్శకుడు, గురుదత్ నిర్మాత అయితే తాను కథానాయకుడు అని దేవానంద్ ఆనాడే ఒప్పందం చేసుకున్నారు. 1947లో ప్రభాత్‌తో ఒప్పందం ముగిశాక గురుదత్‌కు పది నెలలపాటు పని దొరకలేదు. మాటుంగాలో తల్లి దగ్గర ఉంటూ ఆంగ్లంలో కథలు రాస్తూ పత్రికలకు పంపేవారు. ‘కష్మకష్’ అనే కథ పుట్టింది ఆ రోజుల్లోనే. లోకం పట్టించుకోని ఒక కళాకారుడి కథ అది. పదేళ్ల తరువాత ‘ప్యాసా’గా తెరకెక్కింది ఇదే.

ఈ పది నెలలను కొంచెం ఆగి చూడాలి. ఇరవైరెండేళ్ల యువకుడు, చేతిలో పని లేదు, డబ్బు లేదు. దిగులు పడటానికి అన్ని కారణాలూ ఉన్నాయి. దిగులు పడ్డారు కూడా. అయినా రాస్తూనే ఉన్నారు, పని కోసం తిరుగుతూనే ఉన్నారు, అవకాశం రాగానే లేచి నిలబడ్డారు. కారణం ఉన్న దుఃఖం కారణం తొలగగానే మెల్లగా సర్దుకుంటుంది. దాన్ని వ్యాధి అనరు. తరువాతి కాలంలో ఆయనను పట్టుకున్నది ఇటువంటి దుఃఖం కాదు. అప్పటికి డబ్బు ఉంది, పేరు ఉంది, చేతినిండా పని ఉంది.

దేవానంద్ మాట నిలుపుకున్నారు. నవకేతన్ పతాకంపై 1951లో వచ్చిన ‘బాజీ’ గురుదత్‌కు దర్శకుడిగా తొలి చిత్రం. ఘనవిజయం సాధించింది. ఆ చిత్రం పాటల రికార్డింగ్ సందర్భంలోనే గాయని గీతా రాయ్ పరిచయమయ్యారు. అప్పటికే ఆమె దేశమంతటా పేరున్న గాయని, ఆయన కొత్త దర్శకుడు. 1953 మే 26న వారి వివాహం జరిగింది. తరుణ్, అరుణ్, నీనా వారి పిల్లలు. ‘జాల్’, ‘బాజ్’ తరువాత 1954లో ‘ఆర్ పార్’, మరుసటి ఏడు ‘మిస్టర్ అండ్ మిసెస్ 55’ వరుసగా విజయాలు సాధించాయి. ఛాయాగ్రాహకుడు వి.కె.మూర్తి, రచయిత అబ్రార్ అల్వీ, హాస్యనటుడు జానీ వాకర్ వంటివారితో ఒక బృందం స్థిరపడింది. చేతిలో సొంత సంస్థ ఉంది. ముప్పై ఏళ్లకే ఇవన్నీ సమకూరాయి.

1955లో ఆయన హైదరాబాదు వచ్చారు. తెలుగులో విజయవంతమైన ‘మిస్సమ్మ’ను చూసి, హిందీలో తీయడానికి పనికివస్తుందేమో తెలుసుకోవాలన్నది ఉద్దేశం. ఆ ఆలోచన ముందుకు సాగలేదు. అయితే అదే ఏడు విడుదలైన తాపీ చాణక్య చిత్రం ‘రోజులు మారాయి’లో ఒక్క నృత్యంతో ఊళ్లను ఊపేసిన అమ్మాయి అక్కడే ఉంది. ఆమెను చూడటానికి జనం విరగబడటం గమనించి వివరాలు అడిగారు. ఆమె వహీదా రెహమాన్. ‘సి.ఐ.డి.’, ‘ప్యాసా’ చిత్రాలతో హిందీ తెరకు ఆమెను పరిచయం చేసింది గురుదత్ సంస్థే. తెలుగు ప్రేక్షకులు ముందుగా గుర్తించిన నటి కావడంతో ఈ ఉదంతాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆయన, వహీదాల అనుబంధం గురించి ఆ తరువాత అచ్చయిన ఊహాగానాలకు అంతులేదు. గీతాదత్ మనసు దానివల్ల గాయపడింది, ఇల్లు చీలిపోయింది. ఇంతకు మించిన వివరాలు ఈ వ్యాసానికి అక్కరలేదు.

‘ప్యాసా’ దగ్గరకు వద్దాం. కథానాయకుడిగా దిలీప్‌కుమార్‌ను అనుకున్నారు. షూటింగ్ మొదటి రోజున ఆయన రాకపోవడంతో గురుదత్ తానే వేషం కట్టారు. 1957 ఫిబ్రవరిలో చిత్రం విడుదలై జనాదరణ పొందింది. 2005లో అమెరికాకు చెందిన టైమ్ పత్రిక ప్రకటించిన వంద ఉత్తమ చిత్రాల జాబితాలో చోటు దక్కించుకుంది. ఈ విషయాలు అందరికీ తెలిసినవే. ఈ చిత్రం నిర్మాణంలో ఉన్న 1956 ప్రాంతంలోనే గురుదత్ మొదటిసారి ఆత్మహత్యాయత్నం చేశారన్నది మాత్రం చాలాకాలం ఇంటి గోడలు దాటలేదు. ఆయన చెల్లెలు, ప్రసిద్ధ చిత్రకారిణి లలితా లాజ్మీ తరువాతి దశాబ్దాలలో దాని గురించి మాట్లాడారు. జీవితచరిత్రకారులూ నమోదు చేశారు.

ఆ తేదీని గమనించండి. అప్పటికి ‘కాగజ్ కే ఫూల్’ ఆలోచనగానైనా లేదు. వరుస విజయాల నడుమ ఉన్నారు. తాను తీయాలని పదేళ్లుగా కలలుగన్న చిత్రాన్నే తీస్తున్నారు. లోకం ఓటమిగా చూపించగలిగినది ఆయన ఖాతాలో అప్పటికి పెద్దగా ఏదీ లేదు.

రాత్రివేళ అన్నయ్య ఫోన్ చేసి రమ్మనేవారని, పరుగున వెళితే ఏమీ మాట్లాడకుండా కూర్చునేవారని లలిత చెప్పారు. ఏదో చెప్పాలని ఉన్నట్టు అనిపించేది, చెప్పేవారు కారు. సెట్‌లో మాత్రం ఆయన వేరే మనిషి. ఒక్కొక్క షాట్ కోసం గంటల తరబడి శ్రమించేవారు, తృప్తి కలగకపోతే తీసినదాన్ని పక్కన పెట్టి మళ్లీ తీసేవారు. ఉన్నట్టుండి పెద్ద ప్రయత్నాలు తలపెట్టేవారు, అంతే హఠాత్తుగా వదిలేసేవారు. గీతాదత్ కథానాయికగా బెంగాలీలో ప్రారంభించిన ‘గౌరి’ కొన్నాళ్ల చిత్రీకరణ తరువాత ఆగిపోయింది. ‘రాజ్’ కూడా అలాగే మధ్యలో నిలిచిపోయింది. పరిశ్రమలో దీన్ని కళాకారుడి చాపల్యంగా తీసుకున్నారు. నిర్ణయం తీసుకోలేకపోవడం, మొదలుపెట్టిన పనిమీద హఠాత్తుగా ఆసక్తి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం, మాటలు కరవైన మౌనం అనేవి కుంగుబాటు లక్షణాల పట్టికలో ఉంటాయని ఆ రోజుల్లో ఎవరికి తోస్తుంది?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గురుదత్‌ను పరీక్షించిన వైద్యుల నివేదికలేవీ బహిరంగంగా లేవు. చనిపోయినవారికి దూరం నుంచి రోగ నిర్ధారణ చేయడం వైద్యమూ కాదు, చరిత్ర రచనా కాదు. కొందరు రచయితలు ఆయనకు ఉన్నది కుంగుబాటు, అంటే డిప్రెషన్ అన్నారు. ఉత్సాహం, నిస్పృహ మారిమారి వచ్చే బైపోలార్ వ్యాధి కావచ్చని మరికొందరు అనుకున్నారు. మనం అంత దూరం వెళ్లనక్కరలేదు. రెండుసార్లు ప్రాణం తీసుకోబోయిన మనిషికి చికిత్స అవసరమని చెప్పడానికి జబ్బు పేరు తెలియనవసరం లేదు.

‘కాగజ్ కే ఫూల్’ 1959లో విడుదలైంది. భారతదేశపు తొలి సినిమాస్కోప్ చిత్రం అది. ఖాళీ స్టూడియోలో పైనుంచి దిగే వెలుతురు స్తంభంలో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడే ఘట్టాన్ని వి.కె.మూర్తి అద్దాలతో సూర్యకాంతిని మళ్లించి చిత్రించారు. ఈనాటికీ సినిమా విద్యార్థులకు అది పాఠం. జనానికి మాత్రం నచ్చలేదు, నష్టం భారీగా వచ్చింది. ఆ తరువాత గురుదత్ దర్శకుడిగా తన పేరు మరే చిత్రానికీ వేసుకోలేదు. ఈ ఓటమి ఆయనను బాధించలేదని ఎవరూ అనలేరు. అయితే మరుసటి ఏడే, 1960లో, ఎం.సాదిక్ దర్శకత్వంలో తాను నిర్మించి నటించిన ‘చౌద్వీ కా చాంద్’ ఘనవిజయం సాధించి సంస్థను అప్పుల నుంచి గట్టెక్కించింది. 1962లో అబ్రార్ అల్వీ పేరు దర్శకుడిగా గల ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’ వచ్చింది. ఆ చిత్రం రాష్ట్రపతి రజత పతకాన్ని అందుకుంది, 1963 బెర్లిన్ చలనచిత్రోత్సవంలో పోటీకి వెళ్లింది.

రెండో ఆత్మహత్యాయత్నం ఈ ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’ నిర్మాణకాలంలో జరిగింది. అంటే ఓటమి వెంటనే కాదు, పోయిన డబ్బు తిరిగి వచ్చాక. ఈసారి మూడు రోజులు స్పృహ లేదు. ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. డాక్టర్ల సలహా మేరకు కుటుంబం ఒక మనోవైద్యుణ్ని పిలిపించింది. ఆయన వచ్చి చూసి వెళ్లారు. ఆ తరువాత మళ్లీ ఆయనను పిలవలేదని లలితా లాజ్మీ చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో పశ్చాత్తాపం ఉండేది.

గురుదత్ జీవితం గురించి వచ్చిన వేల పేజీలలో అతి ముఖ్యమైన సంఘటన ఇదేనని నా అభిప్రాయం. ప్రేమ, పరాజయం, సిగరెట్టు పొగలో నీడలు అనే వాటికి పుస్తకాలలో అధ్యాయాలు దక్కాయి. రాని ఆ రెండో సందర్శనకు ఒక వాక్యం దక్కింది.

ఎందుకు పిలవలేదు? ఆ కుటుంబాన్ని నేటి తెలివితో నిందించడం అన్యాయం. అది చదువుకున్నవారి ఇల్లు, ప్రేమగల ఇల్లు. కాని 1962 నాటి బొంబాయిలో మనోవైద్యుణ్ని పిలిచామంటే మా ఇంట్లో పిచ్చివాడు ఉన్నాడని ఒప్పుకున్నట్టే. అప్పటికి అమలులో ఉన్నది 1912 నాటి భారత ఉన్మాద చట్టం. దాని పేరే చాలు, దాని చూపు ఎటువంటిదో చెప్పడానికి. 1987లో కొత్త చట్టం చేసేదాకా అదే కొనసాగింది. ఆత్మహత్యాయత్నం శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద నేరం, ఏడాది వరకు జైలు. బతికి బయటపడిన మనిషి రోగి కాదు, నిందితుడు. ఆయన పేరున్న నటుడైతే పత్రికలు, పోలీసులు, పంపిణీదారులు, బాకీదారులు అందరూ గుమ్మం ముందు నిలబడతారు. పనిమీదే ఒత్తిడి వల్ల కలిగిన అనారోగ్యమని చెప్పి తలుపు మూసుకోవడం తప్ప కుటుంబాలకు దారి కనిపించేది కాదు.

వైద్యం అసలే లేదా అంటే, ఉంది. కలకత్తాలో గురుదత్ పిల్లవాడిగా తిరుగుతున్న రోజుల్లోనే, 1933లో, గిరీంద్రశేఖర్ బోస్ సాధారణ ఆసుపత్రిలో మనోవ్యాధుల విభాగం తెరిచారు. దేశంలో అది మొదటిది. రెండోది బొంబాయి జె.జె.ఆసుపత్రిలో 1938లో కె.ఆర్.మసానీ ప్రారంభించినది. గురుదత్ కాపురమున్న పాలీ హిల్‌కు అదే నగరంలో ఉన్న ఆసుపత్రి అది. ఆయన పుట్టిన బెంగళూరులో 1954 నుంచి అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ పనిచేస్తోంది. తరువాత నిమ్హాన్స్‌గా మారింది అదే. మందుల సంగతి చూస్తే, 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదపు ఉద్రేకాన్ని లిథియం తగ్గిస్తుందని ప్రకటించారు. 1957లో స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కున్ ఇమిప్రమిన్ కుంగుబాటును తగ్గిస్తుందని గమనించి వెల్లడించారు. విద్యుత్ చికిత్స 1938 నుంచే ఉంది. అయితే ఆ రోజుల్లో సాధారణ వైద్యుడి చేతికి సులభంగా అందేది నిద్రమందు. నిద్ర పట్టడం లేదన్న మనిషికి నిద్రమాత్ర రాసిచ్చి పంపడం లక్షణాన్ని కప్పిపెట్టడమే అవుతుంది. కుంగుబాటులో నిద్రలేమి పొగ వంటిది. మంట మరోచోట ఉంటుంది.

ఈ నిద్రలేమికి ఒక సాక్షి ఉన్నారు. ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’ మూలనవల రాసిన బెంగాలీ రచయిత బిమల్ మిత్ర గురుదత్ ఇంట చాలా రోజులు అతిథిగా ఉన్నారు. ఆ అనుభవంతో ఆయన రాసిన పుస్తకం పేరు ‘బినిద్ర’, నిద్రలేనివాడు అని అర్థం. తెల్లవారేదాకా మేలుకుని ఉండే గృహస్థు, వేర్వేరు దారుల్లో నడుస్తున్న భార్యాభర్తలు, అతిథి మర్యాదలకు లోటు రాని ఇల్లు, ఆ ఇంట్లో ఊపిరాడని నిశ్శబ్దం ఆ పుస్తకంలో కనిపిస్తాయి. రాత్రులు గడవడానికి మద్యం, మాత్రలు తోడయ్యాయి. మద్యం ఆ క్షణానికి ఉపశమనంలా తోచినా కుంగుబాటును మరింత లోతుకు తీసుకుపోతుంది, నిద్ర నాణ్యతను చెడగొడుతుంది, ఆవేశంలో తీసుకునే నిర్ణయాలకు అడ్డుకట్ట తెంపేస్తుంది. ఈ సంగతి ఇప్పటికీ మన ఇళ్లలో చాలామందికి తెలియదు. దిగులుగా ఉన్న స్నేహితుడికి గ్లాసు నింపి ఇవ్వడమే ఓదార్పు అనుకుంటారు.

చివరి రెండేళ్లలో గురుదత్ ఇతరుల చిత్రాలలో నటుడిగా ఎక్కువగా కనిపించారు. వాటిలో మద్రాసు దర్శకుల సినిమాలున్నాయి. తెలుగు ‘అర్ధాంగి’ ఆధారంగా తాతినేని ప్రకాశరావు హిందీలో తీసిన ‘బహూరాణీ’ 1963లో వచ్చింది. ‘భరోసా’, ‘సుహాగన్’ కూడా ఈ కాలంవే. నటనలో లోపమేమీ కనిపించదు. కెమెరా ముందు మనిషి నిలబడగలిగితే లోపల అంతా బాగున్నట్టేనని చుట్టూ ఉన్నవారు అనుకోవడం సహజం. పనిచేయగలుగుతున్నాడు కాబట్టి జబ్బు లేదనుకోవడం ఈ రుగ్మతల విషయంలో జరిగే పెద్ద పొరపాటు. తీవ్రమైన కుంగుబాటుతో ఉండి కూడా ఆఫీసుకు వెళ్లేవారు, వంట చేసేవారు, పరీక్షలు రాసేవారు, నవ్వేవారు ఎందరో ఉన్నారు.

ఇంటి విషయంలో జరిగినది మాత్రం ఎవరి కంటైనా పడవలసినది. పాలీ హిల్‌లో ఎంతో ఇష్టంగా ఏర్పరచుకున్న బంగళాను గురుదత్ తానే కూల్చివేయించారు. ఆ ఇల్లు అచ్చిరాలేదని గీతాదత్ నమ్మేవారని చెబుతారు. ఇల్లు పోయాక కుటుంబం అద్దె ఇళ్లకు మారింది, క్రమంగా భార్యాభర్తలు వేరుగా ఉండసాగారు. పెడ్డర్ రోడ్డులోని ‘ఆర్క్ రాయల్’ అనే భవనంలో అద్దె ఫ్లాట్‌లో ఆయన ఒంటరిగా మిగిలారు. ఒంటరితనం జబ్బుకు కారణమా, జబ్బు వల్ల ఒంటరితనమా అని విడదీయడం కష్టం. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

1964 అక్టోబరు 9 సాయంత్రం అబ్రార్ అల్వీ ఆ ఫ్లాట్‌లోనే ఉన్నారు. ‘బహారే ఫిర్ భీ ఆయేంగీ’ చిత్రంలోని ఒక సన్నివేశం రాస్తున్నారు. ఆ రాత్రి గురుదత్ పిల్లలను చూడాలనుకున్నారని, అది కుదరలేదని సన్నిహితులు చెప్పారు. మరునాడు ఉదయం ఆయన మరణించి ఉన్నారు. వయసు 39 ఏళ్లు. అది ఉద్దేశపూర్వకమా, ప్రమాదవశాత్తూ జరిగినదా అన్నదానిపై కుటుంబ సభ్యులలోనే ఏకాభిప్రాయం లేదు. ప్రమాదమేనని కుమారుడు అరుణ్ నమ్మారు. చేతిలో ఇంకా పనులున్నాయి, మాట ఇచ్చిన షూటింగులున్నాయి అన్నది వారి వాదన. అందులో బలం ఉంది. ఆత్మహత్య ఆలోచన గల మనిషి మనసు ఎప్పుడూ ఒక్కవైపే ఉండదు. బతకాలన్న కోరిక, బాధ ఆగిపోవాలన్న కోరిక ఒకే రాత్రి ఒకే మనిషిలో ఉంటాయి. చికిత్సకు, సకాలంలో తట్టిన తలుపుకు ఉన్న ఆశ అంతా ఆ మొదటి కోరికమీదే ఆధారపడి ఉంది.

మరణవార్త రాసేటప్పుడు మా పత్రికా వృత్తికి ఒకే కారణం కావాలి. శీర్షికలో రెండు కారణాలు పట్టవు. అందువల్ల ఒక సినిమా పరాజయం, ఒక ప్రేమకథ ఆయనను బలిగొన్నాయని రాశాం, రాస్తూనే ఉన్నాం. ఆ రాత లోకానికి నేర్పిన పాఠం ప్రమాదకరమైనది. గొప్ప కళకు దుఃఖం మూల్యమని, సున్నిత మనస్కులు ఇలాగే వెళ్లిపోతారని, దాన్ని ఆపలేమని అది చెబుతుంది. 1956, 1962, 1964 అనే మూడు సంవత్సరాలు వేరే సంగతి చెబుతున్నాయి. ఒకసారి విజయాల నడుమ, మరోసారి కోలుకున్న తరువాత, చివరికి సాధారణమైన పనిదినం ముగిశాక అది వచ్చింది. బయటి పరిస్థితులతో నిమిత్తం లేకుండా తగ్గుతూ, తిరగబెడుతూ ఉండటం భావోద్వేగ రుగ్మతల స్వభావం. దాంపత్య కలతలు, నష్టాలు దాన్ని రగిలించగలవు. కాని మరొకరికి అవే కలతలు వచ్చినా ప్రాణాంతకం కావు. పైగా ఒకసారి ఆత్మహత్యాయత్నం చేసినవారిలో మళ్లీ ప్రయత్నించే ప్రమాదం ఎక్కువని వైద్యులు ఏనాటినుంచో హెచ్చరిస్తున్నారు. బతికి బయటపడిన తరువాతి వారాలు, నెలలు వారిని ఒంటరిగా వదలకూడని కాలం.

ఈ రోజు అటువంటి రోగికి అందే వైద్యం ఎలా ఉంటుంది? రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం, నిస్సత్తువ, తాను పనికిరానివాడినన్న భావన, చావు ఆలోచనలు ఉంటే డాక్టరును కలవాలి. కుంగుబాటును తగ్గించే మందులు వేసిన మర్నాడే పనిచేయవు. ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ లోగా విసిగి మానేసేవారే ఎక్కువ. తగ్గిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. పదేపదే తిరగబెట్టేవారికి ఇంకా ఎక్కువ కాలం అవసరం. ఇవి నిద్రమాత్రల వంటివి కావు, వీటికి బానిసలైపోతారన్న భయం నిరాధారం. అయితే ఉన్నట్టుండి ఆపకూడదు, వైద్యుడి సలహాతో నెమ్మదిగా తగ్గించాలి. ఆలోచనల తీరును సరిదిద్దుకోవడానికి తోడ్పడే మాటల చికిత్స కూడా అంతే ముఖ్యం. బైపోలార్ వ్యాధి అయితే లిథియం వంటి మందులు వాడుతూ, రక్తంలో దాని మోతాదును తరచుగా పరీక్షించుకోవాలి. తీవ్ర పరిస్థితిలో విద్యుత్ చికిత్స ప్రాణం నిలబెడుతుంది. సినిమాలు చూపించే చిత్రహింసలా కాక మత్తుమందు ఇచ్చి చేస్తారు, మత్తు లేకుండా చేయడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది.

ఆ చట్టమే, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించరాదని చెప్పింది. వారికి చికిత్స, పునరావాసం అందించడం ప్రభుత్వ బాధ్యతగా నిర్దేశించింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు. గురుదత్ కుటుంబాన్ని తలుపు మూసుకునేలా చేసిన భయాలలో ఒకటి ఆ విధంగా తొలగింది. రెండోది, పరువు భయం, చట్టంతో పోయేది కాదు. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వే ప్రకారం జీవితంలో ఏదో ఒక దశలో కుంగుబాటుకు లోనయ్యేవారు ఇరవై మందిలో ఒకరు. వ్యాధి ఉండి కూడా చికిత్స పొందనివారు నూటికి 85 మంది. రాని ఆ రెండో సందర్శన ఒక్క ఇంటి కథ కాదన్నమాట.

మిగిలినవారి సంగతి. భర్త పోయాక గీతాదత్ తీవ్రంగా కుంగిపోయారు. ముగ్గురు పిల్లలు, అప్పులు, మద్యం అలవాటు నడుమ మళ్లీ పాడి నిలదొక్కుకోవడానికి ప్రయత్నించారు. 1972 జులై 20న, 41 ఏళ్ల వయసులో, కాలేయ వ్యాధితో మరణించారు. ఆమె బాధను భర్త కథకు అనుబంధంగానే చూశారు తప్ప, ఆమెకూ వైద్యం అవసరమని గుర్తించినవారు తక్కువ. ‘బహారే ఫిర్ భీ ఆయేంగీ’ని ధర్మేంద్రతో మళ్లీ చిత్రించి 1966లో విడుదల చేశారు. గురుదత్ కథానాయకుడిగా కె.ఆసిఫ్ మొదలుపెట్టిన ‘లవ్ అండ్ గాడ్’ సంజీవ్‌కుమార్‌తో మారి, ఎన్నో ఆటంకాల తరువాత 1986లో తెరమీదికి వచ్చింది. అన్నగారి గురించి అడిగిన ప్రతివారికీ లలితా లాజ్మీ ఓపికగా చెబుతూ వచ్చారు. 2023లో ఆమె కూడా కన్నుమూశారు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్లు, ఉచితంగా, తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో అందుబాటులో ఉంది. తమ కోసమే కాదు, ఇంట్లో మరొకరి గురించి ఆందోళన ఉన్నవారు కూడా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు.